కారు తెర ద్వారా మాటతో సందేశాలు: ఎస్సెమ్మెస్ చదువుతోంది, వాట్సాప్ ఎందుకు చదవడం లేదు?

ప్రశ్న: పల్నాడు_రెప్

నమస్కారం. నేను మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల వరకు నా పరిధి కావడంతో పగలు చాలావరకు కారులోనే గడుస్తుంది. ఈమధ్య తీసుకున్న సెకండ్ హ్యాండ్ కారుకు కంపెనీ నుంచే వచ్చిన టచ్‌స్క్రీన్ ఉంది. ఫోన్‌ను బ్లూటూత్‌తో కలిపితే కాల్స్ మాట్లాడగలుగుతున్నాను, పాటలు వినిపిస్తున్నాయి, మామూలు ఎస్సెమ్మెస్ వస్తే తెరపై కవరు బొమ్మ కనబడుతుంది, దాన్ని నొక్కితే కారే చదివి వినిపిస్తుంది. అయితే ఆ ఎస్సెమ్మెస్‌లన్నీ బ్యాంకువి, రీచార్జివి. మా ఏరియా మేనేజరు గారు, స్టాకిస్టులు, డాక్టర్ల క్లినిక్ సిబ్బంది అందరూ వాడేది వాట్సాపే. ఆ సందేశాలు మాత్రం కారు వరకు చేరడం లేదు.

నా ఫోన్ ఆండ్రాయిడ్. తెరపై ఆండ్రాయిడ్ ఆటో అనే గుర్తు ఉన్నా నేను ఇంతవరకు దాని జోలికి వెళ్లలేదు. వాట్సాప్ సందేశాలను చదివించుకొని, చేయి స్టీరింగ్ మీదనుంచి తీయకుండా మాటతోనే జవాబు పంపే వీలు ఉందా? అలా పంపుతుండగా పోలీసులు ఆపితే చట్టం ఏమంటుందో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఆడియో_బెంచి (విజయవాడ)

మీ కారులో గానీ ఫోన్‌లో గానీ లోపం ఏమీ లేదండి. బ్లూటూత్ అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నా అందులో ఒక్కో పనికి ఒక్కో ప్రొఫైల్, అంటే ఆ పనికి సంబంధించిన నియమాల పద్ధతి, ఉంటుంది. కాల్స్‌కు హెచ్ఎఫ్‌పీ, పాటలకు ఏ2డీపీ, ఫోన్‌లోని పేర్లూ నంబర్లూ కారుకు చేరడానికి పీబ్యాప్, సందేశాలకు మ్యాప్. ఈ మ్యాప్ అన్నది ఫోన్‌లోని ఎస్సెమ్మెస్ పెట్టెను కారుకు చూపించడానికి ఏర్పాటైనది. వాట్సాప్ సందేశాలు ఆ పెట్టెలోకి రావు, వాటిని ఆ యాప్ తన దగ్గరే విడిగా దాచుకుంటుంది. అందువల్ల బ్లూటూత్ సెట్టింగులు ఎన్నిసార్లు మార్చినా మీకు కావలసిన ఫలితం దక్కదు.

ఫోన్‌లోని యాప్‌లను కారు తెరపై వాడుకోనిచ్చే ఆండ్రాయిడ్ ఆటో దారి వేరు. గూగుల్ దీన్ని 2014లో ప్రకటించి మరుసటి సంవత్సరం విడుదల చేసింది. ఐఫోన్లకు ఇదే పని చేసే ఆపిల్ వారి కార్‌ప్లే కూడా 2014లోనే వచ్చింది. ఆండ్రాయిడ్ ఆటో ఫోన్‌లోని ఎస్సెమ్మెస్ పెట్టెను కాక నోటిఫికేషన్లను చూస్తుంది. వాట్సాప్ నుంచి నోటిఫికేషన్ రాగానే పంపినవారి పేరు కారు తెరపైకి వస్తుంది, దాన్ని ఒకసారి తాకితే సందేశాన్ని అసిస్టెంటు, అంటే ఫోన్‌లో మాటతో పనిచేసే సహాయక వ్యవస్థ, చదువుతుంది, జవాబు ఇస్తారా అని అడుగుతుంది, మీరు చెప్పిన మాటలను తిరిగి వినిపించి, పంపమంటేనే పంపుతుంది. ప్రయాణంలో ఉన్నప్పుడు సందేశం మొత్తం తెరపై చూపకపోవడం కావాలని చేసిన ఏర్పాటే కనుక దాన్ని లోపమనుకోవద్దు.

మొదటిసారి కలిపేటప్పుడు తీగతోనే కలపండి. ఇక్కడ మా బెంచి దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో తరచూ దొరికే దొంగ ఆ తీగే, ఎందుకంటే బజారులో దొరికే చౌక తీగలు కొన్ని చార్జింగుకు మాత్రమే పనికివస్తాయి, డేటాను మోయవు. ఫోన్ చార్జి అవుతూ ఉంటుంది, తెర మాత్రం ఫోన్‌ను గుర్తించదు, కారు యజమాని తెరను తిడుతూ మా దగ్గరకు వస్తారు. తీగ సరైనదైతే ఫోన్ వరుసగా అనుమతులు అడుగుతుంది. వాటిలో నోటిఫికేషన్లను చదివే అనుమతిని తోసిపుచ్చితే దారి చూపే మ్యాపులూ పాటలూ నడుస్తాయి గానీ సందేశాలు రావు. మీరు మ్యూట్‌లో పెట్టిన గ్రూపుల సందేశాలు కారులోనూ వినిపించవు, అది ఒక విధంగా మేలే.

మరొక్క సంగతి. చాలా కార్లలో స్టీరింగ్ మీద మాట్లాడే మనిషి బొమ్మ ఉన్న బటన్ ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కి వదిలితే కారు సొంత వాయిస్ కమాండు పలుకుతుంది, కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోన్‌లోని అసిస్టెంటు పలుకుతుంది. మీ కారులో ఏది ఎలా ఉందో బండి ఆపి ఉన్నప్పుడే చూసుకోండి. మైకు సాధారణంగా లోపలి అద్దం దగ్గర పైకప్పులో ఉంటుంది కాబట్టి ఏసీ గాలిని ముఖం వైపు కాకుండా కాళ్ల వైపు తిప్పి, అద్దాలు ఎక్కించి మాట్లాడితే మీ మాట దానికి స్పష్టంగా అందుతుంది.

జవాబు: డాలస్_తెలుగు

సాంకేతికంగా పై జవాబు సంపూర్ణంగా ఉంది. కాకపోతే చేయి స్టీరింగ్ మీదే ఉంటుంది కనుక ప్రమాదం లేదన్న నమ్మకం మీ ప్రశ్నలో ధ్వనిస్తున్నందున ఒక మాట చెప్పవలసి వస్తోంది. నేనుండే టెక్సస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి డ్రైవింగ్‌లో మెసేజ్‌లు టైప్ చేయడం రాష్ట్రమంతటా నిషిద్ధం, చేతులు వాడకుండా మాటతో పంపడానికి మాత్రం అభ్యంతరం లేదు. విచిత్రమేమిటంటే, అదే రాష్ట్రంలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ రవాణా పరిశోధన సంస్థ 2013లోనే ఈ రెండింటినీ పోల్చి చూసింది. 43 మందితో మూసివున్న ట్రాక్‌పై కారు నడిపించి, ఎదుట దీపం వెలిగినప్పుడు ఎంత వేగంగా స్పందిస్తారో కొలిచారు. మామూలుగా నడిపినప్పటితో పోలిస్తే చేత్తో టైప్ చేసినా, మాటతో పంపినా స్పందనకు పట్టిన సమయం దాదాపు రెట్టింపైంది. అయినా పాల్గొన్నవారికి మాటతో పంపుతున్నప్పుడే ఎక్కువ భద్రంగా అనిపించిందట. నన్ను కలవరపెట్టేది ఈ చివరి సంగతే, ఎందుకంటే ప్రమాదం లేదనుకున్న పనిని మనిషి మరింత తరచుగా చేస్తాడు.

అమెరికా వాహనదారుల సంఘమైన ఏఏఏ వారి రోడ్డు భద్రతా ఫౌండేషన్ కోసం యూటా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్ట్రేయర్ బృందం చేసిన పరీక్షల ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మాటతో ఆదేశాలిచ్చే పని ముగిసిన తరువాత కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి కొన్ని వ్యవస్థల్లో 27 సెకన్ల వరకు పట్టిందని వారు తేల్చారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఆ వ్యవధిలో 600 మీటర్లు దాటిపోతుంది. సున్నపు లారీలు తిరిగే పిడుగురాళ్ల రోడ్డు మీద 600 మీటర్లంటే ఏమిటో నాకంటే మీకే బాగా తెలుసు.

చట్టం విషయానికి వస్తే, 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ చేతిలో పట్టుకునే ఫోన్ వాడకాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది. మొదటి తప్పుకు ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెడకుండా, ఫోన్ వాడవచ్చు. కారు మైకుతో మాట్లాడడం చేతిలో పట్టుకోవడం కిందికి రాదు. అయితే అదే సెక్షన్ ప్రజలకు ప్రమాదం కలిగించే రీతిలో వాహనం నడపడాన్ని మొత్తంగా నేరమంటోంది గనుక, సందేశం చెబుతూ ఎవరినైనా గుద్దితే ఫోన్ నా చేతిలో లేదు అన్న వాదన మిమ్మల్ని కాపాడదు.

జవాబు: ఆడియో_బెంచి (విజయవాడ)

మీరు చెప్పినదాన్ని కాదనను. కానీ వచ్చిన సందేశాన్ని వినడం, జవాబును కూర్చి చెప్పడం, ఈ రెండూ ఒకటి కావు. మేనేజరు గారి పేరు తెరపై చూసి ఏమి పంపారో అని పది నిమిషాలు ఆలోచిస్తూ నడపడం కంటే ఒకసారి విని వదిలేయడమే మేలని నా అభిప్రాయం. జవాబు మాత్రం "డ్రైవింగ్‌లో ఉన్నాను, ఆగాక చేస్తాను" అన్నంతవరకు ఉంటే చాలు. స్టాకు లెక్కలు, ఆర్డరు వివరాలు చెప్పాలంటే టీ దుకాణం దగ్గర బండి ఆపుకోవచ్చు. ఆ చిన్న జవాబు కూడా నోటితో చెప్పనక్కరలేదనుకుంటే వాట్సాప్ బిజినెస్ యాప్‌లో అందుబాటులో లేనప్పుడు తనంతట తానే వెళ్లే అవే మెసేజ్ సౌకర్యం ఉంది, దాన్ని మీ పని వేళలకు పెట్టుకోండి.

జవాబు: పల్నాడు_రెప్

ఇద్దరికీ కృతజ్ఞతలు. వేరే తీగ కొని కలిపిన తరువాత వాట్సాప్ వినిపిస్తోంది. అయితే మా వాళ్లందరూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. "సార్ స్టాకు రాలేదు, రేపు వస్తారా" అన్నదాన్ని ఆ గొంతు చదివిన తీరు విని పక్కన కూర్చున్న మా జూనియర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇక శ్రీనివాస్ గారికి పంపమంటే నా ఫోన్‌లో ఉన్న శ్రీనివాసులందరి పేర్లూ తెర మీద వరుసగా పరచి ఎవరో తేల్చుకోమంటోంది. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

జవాబు: కీబోర్డు_కాకతీయ (వరంగల్)

మొదటిదానికి పూర్తి పరిష్కారం లేదు. అసిస్టెంటు భాష ఇంగ్లీషుగా ఉన్నంతకాలం "రాలేదు" అన్నదాన్ని అది ఇంగ్లీషు పదమనుకొనే పలుకుతుంది. గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచీ ఉంది, అది తెలుగును బాగానే పట్టుకుంటుంది. అయితే అది ఫోన్ కీబోర్డులోని సౌకర్యం, కారు తెరపై జవాబు చెప్పేటప్పుడు పనిచేసేది అసిస్టెంటు. అందువల్ల తరచుగా సందేశాలు పంపేవారితో ఒక మాట అనుకోండి: పగటిపూట అత్యవసరమైతే కాల్ చేయమనండి, కానిది రెండు మూడు ఇంగ్లీషు మాటల్లో పంపమనండి. "నో స్టాక్" అంటే ఏ యంత్రమైనా తప్పు లేకుండా చదువుతుంది.

పేర్ల సంగతి మీ చేతిలోనే ఉంది. శ్రీనివాస్ సత్తెనపల్లి, శ్రీనివాస్ స్టాకిస్ట్, శ్రీనివాస్ బావ అని ఒక్కొక్కరికీ వేరే తోక తగిలించి ఇంగ్లీషు అక్షరాల్లో సేవ్ చేసుకోండి, పిలిచేటప్పుడు ఆ తోకతో సహా పిలవండి. నడుస్తున్న కారులో ఆ జాబితాను చూసి వేలితో ఎంచుకోవడం మొదలుపెడితే ఇంతవరకు చెప్పుకున్న చేతులు వాడని పద్ధతికి అర్థమే ఉండదు.

మీది సెకండ్ హ్యాండ్ కారు అన్నారు కాబట్టి బ్లూటూత్ పరికరాల జాబితాను కూడా ఒకసారి తెరిచి చూడండి. పాత యజమాని ఫోన్ పేరు ఇంకా అందులోనే ఉంటే, ఆయన ఫోన్ పుస్తకం, కాల్ వివరాలు కారు జ్ఞాపకంలో మిగిలి ఉండే అవకాశం ఉంది. సిస్టమ్ సెట్టింగుల్లో ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆ తరువాత మీ ఫోన్‌ను కొత్తగా కలపండి. మీరు ఈ కారు అమ్మే రోజున తాళంచెవి ఇచ్చేముందు అదే పని మళ్లీ చేయండి.