కడుపులో పుండుకు టెన్షన్ కారణమా, కాదా?

వేపచెట్టు: ఇంకా ఇదే ప్రశ్నా? 1984లో బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు, కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ క్రిములున్న ద్రవం తానే తాగి, కడుపు పాడుచేసుకుని మరీ చూపించాడు. 2005లో నోబెల్ కూడా ఇచ్చారు. అయితే ఆ క్రిమి, లేకపోతే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు. చాలావరకు అంతే.

నిర్మొహమాటం: మార్షల్‌కు వచ్చింది గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు. పుండు కాదు.

వేపచెట్టు: తోకలు పీకకండి.

నిర్మొహమాటం: తోక కాదు, తలకాయే అది. క్రిమి ఉన్నవాళ్లలో పుండు పడేది పదిమందిలో ఒకరిద్దరికే. మిగతావాళ్లకు ఎందుకు పడదు? 1995లో జపాన్‌లోని కోబే భూకంపం తర్వాత అక్కడ రక్తం కారే పుండ్లు పెరిగాయి. భూకంపం క్రిమిని మోసుకురాలేదు కదా! అదే ఏడాది కీకోల్ట్-గ్లేసర్ అనే పరిశోధకురాలి బృందం, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న బంధువులను చూసుకునే 13 మంది ఆడవాళ్ల చేతి మీద 3.5 మిల్లీమీటర్ల గాయం చేసి చూసింది. ఆ చాకిరీ లేనివాళ్లకంటే మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది.

వేపచెట్టు: 13 మందా! పైగా చేతి గాయం.

పాతచొక్కా: ఇద్దరూ చెప్పేది ఒకటేనేమో?

వేపచెట్టు: కాదు. "టెన్షన్ వల్లే" అన్న మాట పడగానే పరీక్ష ఆగిపోతుంది. లేదా అడ్డదిడ్డంగా చేస్తారు. క్రిమి ఉందో లేదో ఊపిరిలో చూసే ఊదే పరీక్షకు ముందు, కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ 2 వారాలు, యాంటీబయాటిక్ 4 వారాలు ఆపాలి. ఆపకపోతే క్రిమి ఉన్నా లేదనే వస్తుంది. ఆ కాగితం పట్టుకుని "అంతా మీ మనసులోనే" అని పంపేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్లను. నా మంట అక్కడ.

నిర్మొహమాటం: ఆ ముక్క మొదటే అనుంటే సరిపోయేది. 1977లో జార్జ్ ఎంగెల్ అనే అమెరికా డాక్టరు శరీరం, మనసు, సమాజం కలిపి చూడమన్నాడు గానీ పరీక్ష మానమనలేదు. క్రిమిని చంపే మందుల కోర్సునే ఉదాహరణగా చూడండి. 14 రోజులు, బిస్మత్ అనే మందు ఉన్నదైతే రోజుకు నాలుగు పూటలు. నైట్ డ్యూటీలో ఉండి, మందు వేసుకున్నావా అని అడిగే దిక్కు లేనివాడు నోరు చేదెక్కి వారానికే మానేస్తాడు. మిగిలిన క్రిమి ఆ మందుకు లొంగకుండా పోవచ్చు. నిద్ర లేక సిగరెట్లు, తలనొప్పికి మళ్లీ ఐబుప్రొఫెన్. ఇందులో కడుపెంత, మనసెంత, బతుకెంతో విడదీయండి చూద్దాం.

వేపచెట్టు: విడదీయను. వరస మాత్రం వదలను. ముందు పరీక్ష, తర్వాత కుశలప్రశ్నలు.

నిర్మొహమాటం: చీటీ రాసేటప్పుడే "మీ డ్యూటీ ఏ వేళల్లో, నొప్పికి ఏం మింగుతున్నారు" అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. తర్వాతంటే ఎవరూ అడగరు.

కలువకొలను: చదివేవాళ్లకు రెండు ముక్కలు. కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి మళ్లీ ఊదే పరీక్ష చేయించాలి. బిస్మత్‌తో మలం నల్లబడుతుంది, అది మామూలే. తారులా జిగటగా, ఘాటు కంపుతో ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి.

వేపచెట్టు: ఇది సరైన మాట. ఆ 13 మంది సంగతి మాత్రం నేను వదల్లేదు.