ఇల్లు అద్దెకిచ్చి పడవలో కాపురం: ఇద్దరమే నదుల మీద తిరగాలంటే ఏం తెలిసుండాలి?

థేమ్స్ గట్టు:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. వచ్చి 22 ఏళ్లయింది. మావారు వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నారు, నాకు 56. పిల్లలిద్దరూ ఉద్యోగాలకని వెళ్లిపోయారు. ఇల్లు అద్దెకిచ్చేసి, 57 అడుగుల నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి పొడుగు పడవ) ఒకటి కొనుక్కుని, రెండేళ్లపాటు దాంట్లోనే ఉంటూ తిరగాలని మా కోరిక. థేమ్స్ మీద ఆక్స్‌ఫర్డ్ దాకా, అక్కడినుంచి ఆక్స్‌ఫర్డ్ కెనాల్, పైన ట్రెంట్ నది, తిరిగొచ్చేటప్పుడు సెవెర్న్. ఆయన నడుపుతారు, నేను దిగి లాకుల (గేట్ల మధ్య నీళ్లు నింపి, దించి పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మార్చే గదుల) పని చూసుకుంటాను అనుకున్నాం. నాకు ఈత రాదు. వీడియోల్లో అంతా పొగమంచు, టీ కప్పులే కనిపిస్తున్నాయి. నిజంగా ఉన్నవాళ్లు చెప్పండి: వరదొస్తే ఏం చేస్తారు? ఇద్దరి వల్ల అవుతుందా?

నాలుగు మైళ్ల వేగం:
అక్కా, మేమిద్దరం నాలుగేళ్లు పడవలోనే ఉన్నాం. అవుతుంది. కానీ కాలువ వేరు, నది వేరు. కాలువలో నీళ్లు ఇంచుమించు ఒక్క మట్టంలోనే ఉంటాయి. నదిలో అలా కాదు, ఎక్కడో ఎగువన పడ్డ వాన రెండు రోజులకి మీ పడవ కిందికి వస్తుంది. థేమ్స్ లాకుల దగ్గర బోర్డులు పెడతారు. పసుపు బోర్డు ఉంటే ప్రవాహం పెరుగుతోందో తగ్గుతోందో దాని మీద రాసి ఉంటుంది. ఎర్ర బోర్డు పెట్టారంటే ఇంక కదలొద్దు, మంచి చోటు చూసుకుని కట్టేసుకోండి.

ఒక డిసెంబరులో వాలింగ్‌ఫర్డ్ దగ్గర 19 రోజులు అలాగే ఉండిపోయాం. మొదటి రాత్రి తాళ్లు బిర్రుగా కట్టి పడుకున్నాం. అదే తప్పు. నీళ్లు పెరుగుతుంటే పడవ పైకి లేవాలి, తాడు దాన్ని లేవనివ్వదు. అర్ధరాత్రి అలమరలో గిన్నెలన్నీ ఒక పక్కకి జారిన చప్పుడుకి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే పడవ గట్టు వైపు ఒరిగిపోయి ఉంది. తాడు తడిసి, దాని మీద పడవ బరువంతా పడి ముడి రాయిలా అయిపోయింది. మా ఆయన ఇంకో తాడు వేసి పట్టుకుంటే, నేను కూరగాయల కత్తితో ఆ ముడి పక్కన కోశాను. పడవ ఒక్క ఊపు ఊగి నిలబడింది. పొద్దున్నదాకా ఇద్దరం పడుకోలేదు.

అప్పటినుంచి తాడుని గట్టు మీది కొంకికి చుట్టి, కొసని వెనక్కి తెచ్చి పడవకే కడతాం. గట్టు మునిగిపోయినా పడవ మీద నిలబడే వదులు చేసుకోవచ్చు. నీళ్లు గట్టెక్కితే పడవ కూడా గట్టెక్కి కూర్చుంటుంది, మళ్లీ నీళ్లు తీసినప్పుడు అక్కడే ఉండిపోతుంది. అందుకని మధ్యలో గడకర్రలు అడ్డంగా పెట్టి గట్టుకి దూరంగా ఉంచుకోవాలి.

ధవళేశ్వరం మనవరాలు:
‘లాకులు’ అన్న మాట చూసి ఆగిపోయానండీ. మా ఊళ్లో లాకులు అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా కాలువల్లో సాగునీరే కాదు, సరుకు పడవలూ తిరిగాయి. మా తాతయ్యకి కాకినాడ కాలువ మీద పడవ ఉండేది, వడ్లు వేసేవారు. గాలి అనుకూలంగా లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు భుజానికి వేసుకుని లాగేవాళ్లు. మా నాన్న చెప్పేవాడు: తాతయ్య తాడు లాగితే నానమ్మ చుక్కాని పట్టేదట. బలం ఉన్నవాడు గట్టు మీద, చూపు ఉన్నవాళ్లు పడవలో అనేవాడు. ఇంగ్లండ్‌లో ఆయన నడిపి, మీరు దిగి గేట్లు తొయ్యడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

నాలుగు మైళ్ల వేగం:
మనవరాలుగారూ, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పేశారు. ఇక్కడ మగవాళ్లు టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) పట్టుకుని నిలబడతారు, ఆడవాళ్లు టన్ను బరువుండే గేటుని నడుముతో తోస్తుంటారు. మేం కూడా రెండేళ్లు అలాగే చేశాం. కెనెట్ అండ్ ఏవన్ కాలువలో డివైజెస్ దగ్గర కేన్ హిల్ అని వరసగా 29 లాకులు ఉన్నాయి. అక్కడ సగం దూరం వెళ్లేసరికి మా ఆయన కాలు జారి మణికట్టు విరిగింది. పడవ లాకులో ఉంది, నాకు నడపడం రాదు. వెనక పడవలో వచ్చిన ఒక పెద్దావిడ దిగొచ్చి మా పడవని బయటికి తీసుకొచ్చి కట్టింది. ఆ వారమే నేర్చుకున్నాను.

అక్కా, నడపడం బలంతో పని కాదు. టిల్లర్‌ని కుడికి తోస్తే ముక్కు ఎడమకి తిరుగుతుంది, అది ఒక పూటలో అలవాటవుతుంది. పడవ మధ్య నుంచి తిరుగుతుందని, వెనక్కి వేస్తే చుక్కాని మాట వినదని, బ్రేకు లేదని చేతికి తెలియడానికి మాత్రం నాలుగైదు రోజులు పడుతుంది. దిగువకి దిగే లాకులో పై గేటు కింద ఒక మెట్టు ఉంటుంది, దాని హద్దు గోడ మీద గీతగా వేసి ఉంటుంది. నీళ్లు దిగుతుండగా వెనక భాగం ఆ మెట్టు మీద ఆగిపోతే పడవ ముందుకి వేలాడి మునిగిపోతుంది. అందుకే నడిపేవాళ్ల కన్ను ఎప్పుడూ ఆ గీత మీదే ఉండాలి, గట్టు మీదివాళ్ల చెయ్యి తలుపు తూము దగ్గరే ఉండాలి. ‘ఆపు’ అంటే ఎందుకని అడక్కుండా తూము దించెయ్యాలి.

మీకు ఈత రాదన్నారు. ఆయన నీళ్లలో పడితే మీరు మొట్టమొదట చెయ్యాల్సింది ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టడం. ప్రొపెల్లర్ తిరుగుతుండగా మనిషి దగ్గరికి వెళ్లకూడదు. ఆ లివర్ ఎక్కడుందో మీ చేతికి చీకట్లో కూడా తెలిసుండాలి.

టెనెసీ తీరం:
మేం అమెరికాలో గ్రేట్ లూప్ చేశాం. అట్లాంటిక్ తీరం, హడ్సన్, పెద్ద సరస్సులు, మిసిసిపి, టెనెసీ నదులు, గల్ఫ్, అంతా కలిపి దాదాపు 6,000 మైళ్ల చుట్టు. మాకు ఏడాది పట్టింది. అక్కడ భయం బార్జీలది, అంటే సరుకు మోసే పెద్ద బల్లపరుపు పడవలది. ఒక్క టగ్ (వాటిని తోసే ఇంజిన్ పడవ) 15 బార్జీలని కట్టుకుని తోసుకొస్తుంది, ఆగాలంటే మైలు దాకా పడుతుంది. మనమే రేడియో 13వ ఛానెల్‌లో పలకరించి ఏ పక్కనుంచి వెళ్లాలో అడగాలి. ఆ మాట్లాడే పని నాది, నడిపేది ఆయన. ఒంటిగంట తర్వాత మార్చుకునేవాళ్లం. టెన్-టామ్ (టెనెసీ-టామ్‌బిగ్‌బీ) జలమార్గంలో విట్టెన్ లాకు 84 అడుగులు దించుతుంది. గోడలో తేలే కొక్కేనికి తాడు వేస్తే పడవతోపాటు అదీ దిగుతుంది. అది ఇరుక్కుపోతుందేమో అని చేతిలో కత్తి పెట్టుకుని నిలబడతాం. పైన కత్తి కథ చదివి ఒళ్లు జలదరించింది.

కొత్తగా చూస్తున్నా:
టాయిలెట్ సంగతి ఎవరూ చెప్పరేం? వంట?

నాలుగు మైళ్ల వేగం:
మాది క్యాసెట్ టాయిలెట్, అంటే కింద డబ్బా ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి ఖాళీ చెయ్యాలి. మూడు రోజులకోసారి నిండుతుంది, ఖాళీ చేసే చోట్లు మ్యాపులో ఉంటాయి. ఆ చోట్లని బట్టే ప్రయాణం ప్లాన్ చేసుకోవాలి. వంట గ్యాస్ సిలిండర్ మీదే. తాలింపు వేస్తే అలారం మోగుతుంది, కిటికీ తీసి వెయ్యండి. చలికాలం ఇడ్లీ పిండి ఎక్కడ పెట్టినా పులిసేది కాదు. చివరికి ఇంజిన్ ఆపగానే దాని పైనున్న చెక్క మూత మీద గిన్నె పెట్టి దుప్పటి కప్పేదాన్ని, తెల్లారేసరికి పొంగేది. బొగ్గు పొయ్యి ఉన్న పడవలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి, అది తీసెయ్యకండి.

సొంత రేవు లేకుండా తిరిగే లైసెన్స్ తీసుకుంటే 14 రోజులకి మించి ఒకే చోట ఉండకూడదు, 1995 చట్టంలో ఉంది. వరద, అనారోగ్యం లాంటివైతే ముందే చెబితే అర్థం చేసుకుంటారు. థేమ్స్ లైసెన్స్ వేరే, కాలువలది వేరే. రెండూ తిరుగుతారు కాబట్టి రెండిటికీ కలిపి ఇచ్చే గోల్డ్ లైసెన్స్ మీకు నయం.

రెండో చెయ్యి పడవ:
ఒక్క మాట. నీళ్లలోంచి పైకి తీయించి, రేకు మందం కొలిపించకుండా పడవ కొనకండి. మాకు అమ్మినాయన పాత సర్వే కాగితం చూపించి సరిపోతుందన్నాడు, నమ్మాం. ఏడాది తర్వాత చూస్తే అడుగున రెండు చోట్ల 3 మిల్లీమీటర్లకి దిగిపోయింది. కొత్తలో అది 10 ఉండేది. కొత్త రేకు వేయించడానికి మా సెలవుల డబ్బంతా అయిపోయింది, మూడు నెలలు స్నేహితుల ఇంట్లో ఉన్నాం. సర్వేయర్‌ని మీరే పెట్టుకోండి, మీరే డబ్బు ఇవ్వండి.

థేమ్స్ గట్టు:
ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. ఈ చర్చంతా మావారికి చదివి వినిపించాను. కేన్ హిల్ దగ్గర ఆయన ఆపమని, ఆ పేరా రెండోసారి చదివించుకున్నారు. న్యూబరీ దగ్గర పడవ నడపడం నేర్పే రెండు రోజుల హెల్మ్స్‌మన్ కోర్సుకి ఇద్దరం వెళ్లాం.

మొదటి రోజు పొద్దున్న టిల్లర్ నాకిచ్చారు. ముక్కు వంతెన స్తంభం వైపే వెళ్తోంది, తిప్పాల్సిన వైపు కాకుండా ఇంకో వైపు తిప్పాను. గొంతు ఎండిపోయింది. నేర్పేవారు పక్కన చేతులు కట్టుకుని నిలబడి, ‘వేగం తగ్గించండి, టైమ్ ఉంది’ అన్నారు. తగ్గించాను. స్తంభానికి జానెడు దూరంలో దాటిపోయాం. సాయంత్రానికి లాకులోకి నేనే తీసుకెళ్లాను, గోడకి ఒక్కసారి మాత్రమే తగిలింది. మావారు గేటు దూలానికి వీపు ఆనించి తోస్తున్నారు, మొహం ఎర్రబడింది. ‘ఇంతకాలం ఈ పని నీకా అప్పజెప్పాలనుకున్నాను’ అన్నారు.

ట్రెంట్ క్రోమ్‌వెల్ లాకు దాటితే ఆటుపోట్లు ఉంటాయట కదా, మొదటి ఏడాది అటు వద్దనుకున్నాం. వచ్చే శనివారం ఒక పడవ పైకి తీయించి చూస్తున్నాం, సర్వేయర్ మా మనిషే. లైఫ్ జాకెట్లు రెండు వచ్చాయి. నా ఈత క్లాసు సోమవారం మొదలు.