కంప్యూటర్ ‘లేస్తలేదు’: బూట్‌కి మన మాట ఉందా?

మిర్యాలగూడ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాన్న పాత ల్యాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాదు, 10కి చూస్తే 2025 అక్టోబరులో సపోర్టు ఆగిపోయింది. విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఉబుంటును బయటి ఎస్‌ఎస్‌డీ (యూఎస్‌బీకి తగిలించే డిస్కు) మీద వేసి, దాని నుంచే నడపాలని ఆలోచన. ఎలా చేయాలో ఆయనకు తెలుగులో రాసిద్దామని కూర్చుని రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘బూట్ చెయ్యి’ అంటే ఆయన చెప్పుల స్టాండు వైపు చూస్తారు. దీనికి మన మాట ఏదైనా ఉందా?

జవాబు (నల్లగొండ):
తమ్మీ, మాట ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడ గడియారం సెంటర్ వైపు ఏ రిపేరు షాపులోనైనా పది నిమిషాలు నిలబడు. “అన్నా, సిస్టమ్ లేస్తలేదు” అంటారు. “విండోస్ మళ్ల ఎక్కియ్యాలె” అని జవాబు వస్తుంది. లేవడం బూట్, ఎక్కించడం ఇన్‌స్టాల్. కొన్ని అనువాదాల్లో ఇన్‌స్టాల్‌కి ‘స్థాపించు’ అని పెట్టారు. అది చూసినప్పుడల్లా కొబ్బరికాయ కొట్టాలేమో అనిపిస్తుంది నాకు.

మీ నాన్న చెప్పుల స్టాండు వైపు చూడటం తప్పేమీ కాదు. ఆ మాట పుట్టిందే బూటు నుంచి. బూటు తొడుక్కునేటప్పుడు పట్టుకు లాగే పట్టీ బూట్‌స్ట్రాప్. తన బూటు పట్టీ పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం అనేది ఇంగ్లీషులో అయ్యే పని కాదన్నట్టు ఎగతాళిగా పుట్టిన మాట. 1950ల్లో కంప్యూటర్ల వాళ్లకు అదే సరిగ్గా అతికింది. ప్రోగ్రామును మెమరీలోకి తేవాలంటే, తెచ్చే ప్రోగ్రాము ముందే మెమరీలో ఉండాలి. మరి దాన్ని తెచ్చేదెవరు? పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు.

ఆ ముడి విప్పేది మదర్‌బోర్డు చిప్‌లో ఎప్పుడూ ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము. కరెంటు తగలగానే అది నడుస్తుంది, ఏ డిస్కు ముందు, ఏది తర్వాత అని తన వరుస చూసుకుంటుంది, దొరికిన డిస్కులోంచి చిన్న బూట్‌లోడర్‌ను తెస్తుంది. అది వెళ్లి అసలు ఓఎస్‌ను, అంటే విండోస్, ఉబుంటు లాంటిదాన్ని లేపుతుంది. పాత బావి మోటరు చూశావా? పంపులో ముందు బిందెడు నీళ్లు పోస్తే గాని బావిలో నీళ్లు అందుకోదు. నీళ్లు తోడటానికి నీళ్లే కావాలి! మీ నాన్నకు ఇది చెప్పు, చాలు. బోర్లు చూసి పెరిగిన మీకే అర్థం కాకపోవచ్చు.

అసలు చిక్కు ‘ఎక్కించు’తో. రక్తం ఎక్కిస్తాం, లారీకి లోడు ఎక్కిస్తాం, ఓఎస్ కూడా ఎక్కిస్తాం. నువ్వు చేయబోయే పనిలో ఎక్కించడాలు రెండున్నాయి. మొదటిది ఐఎస్‌ఓను, అంటే ఉబుంటు మొత్తం ఒకే ఫైలుగా వచ్చేదాన్ని, పెన్‌డ్రైవుకు ఎక్కించడం. మామూలు ఫైలులా కాపీ చేస్తే సాధారణంగా లేవదు, అందుకని ఉన్న రూఫస్ లాంటి ప్రోగ్రాముతో రాయాలి. రెండోది, ఆ పెన్‌డ్రైవు నుంచి లేపి ఎస్‌ఎస్‌డీ మీదికి ఎక్కించడం. రెండింటికీ ఒకే మాట వాడి నేను దెబ్బతిన్నాను. ఎస్‌ఎస్‌డీకే ఎక్కించాననుకున్నా, బూట్‌లోడర్ మాత్రం లోపలి డిస్కుకు ఎక్కింది. ఎస్‌ఎస్‌డీ పీకి ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘గ్రబ్’ అని ఉబుంటు బూట్‌లోడర్ పేరు ఒక్క ముక్క. ఒక రాత్రంతా టెన్షన్. తీరా చూస్తే బూట్ మెనూలో విండోస్ క్షేమంగానే ఉంది. ఆ మెనూ కోసం ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కాలి, కొన్నిటికి ఎఫ్9, ఇంకొన్నిటికి ఎస్కేప్. అందుకే మొదటిదానికి ‘రాయడం’, రెండోదానికి ‘ఎక్కించడం’ అని విడదీసి రాయి. కుదిరితే ఎక్కించేటప్పుడు లోపలి డిస్కు తీసి పక్కన పెట్టు.

జవాబు (పాలమూరు):
అన్నా, ‘లేపడం’ అంటే మా దోస్తుల్లో దొంగతనం. “ల్యాప్‌టాప్ లేపిన” అని రాస్తే పోలీసులొస్తారు! ఆన్ చేయడాన్ని అన్నట్టు ‘చాలు చేయడం’ అంటే సరిపోదా? మోటరు చాలు చేస్తున్నాం కదా.

జవాబు (నల్లగొండ):
సరిపోదు తమ్మీ. ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. అప్పుడేమంటావు? “చాలు అయింది గానీ లేస్తలేదు” అంటావు. స్విచ్చు నొక్కడం ఒకటి, ఓఎస్ రావడం ఇంకొకటి. దొంగతనం భయం ఉంటే ‘లేపు’ వదిలెయ్, ‘లేచింది, లేవలేదు’ అంటే చాలు.

మిర్యాలగూడ నుంచి:
రాసిచ్చాను. “పెన్‌డ్రైవు పెట్టి చాలు చెయ్యి, వెంటనే ఎఫ్12 నొక్కు, లిస్టులో పెన్‌డ్రైవు ఎంచుకో, లేచేదాకా ఆగు.” నాన్నకు ఒక్క ముక్క కూడా విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. చదివి ఒక్కటే అడిగారు: “లేచినంక మళ్ల పండబెట్టుడెట్ల?” షట్‌డౌన్‌కి ఆ మాటే రాద్దామంటే, పక్కనే స్లీప్ అని ఇంకో బటన్ ఉంది. ఇప్పుడు దానికి చెప్పండి.