ఈ వారం సమస్య: కంచె చేను మేసె కాపు మురిసె

నిర్వాహకుడు: మొన్న అలంపురం నుంచి వస్తుంటే రోడ్డు పక్కన శనగ చేను, దాని చుట్టూ కంచెలా రెండు సాళ్ళు కుసుమ (ముళ్ళుండే నూనెగింజ పంట) పసుపచ్చగా పూసి కనిపించాయి. బస్సు దిగేలోపు ఆటవెలది పద్యానికి నాలుగో పాదంగా ఇది తయారైంది, ముందు మూడూ మీరు రాయాలి. కంచె చేను మేస్తే కాపు ఏడవాలి కదా, మురిసేలా చేయండి. క్రమాలంకారం పేరు చెప్పి నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు పంపిస్తే చదవను. పోయినసారి తొమ్మిది వచ్చాయి.

అలంపురం రైతు: అది మా చేనే అయ్యుంటుంది. ఇదిగో:

శనగ చేని చుట్టు చాలు కుసుమ వేసి
వాన రాక శనగ వాడిపోవ
అడుగు తడిని కుసుమ యంత పీల్చి విరియఁ
గంచె చేను మేసె కాపు మురిసె

ఇందులో కల్పన తక్కువ. కుసుమది తల్లివేరు, నల్లరేగడిలో ఆరడుగుల లోతున తడి ఉన్నా పోయి అందుకుంటుంది. శనగకు అంత వేరు లేదు.

దేవరకొండ టీచరమ్మ: భావం బాగుంది అన్నా, కాదనను. కానీ "చాలు కుసుమ" దగ్గర "ఇక చాలు" అని చదువుకుని ఆగిపోయాను. ఆ వరసను మీ పాలమూరులో "సాలు" అనే కదా అంటారు? ఇంకొకటి, శనగను మేము "శెనగ" అంటాం. అట్ల పలికితే పాదం మొదటి అక్షరానికీ "చా"కీ కుదరాల్సిన యతి గంగలో కలిసింది.

అలంపురం రైతు: గంగ కాదమ్మా, మా దగ్గర తుంగభద్ర. నిఘంటువులో శనగ ఉంది, నేను శనగే వేశాను. మీరు శెనగ వేసుకుంటే మీ చేను, మీ యతి.

నిర్వాహకుడు: శనగకు శిక్ష లేదు. శ, చ మైత్రి సరిపోయింది. "విరియఁ గంచె" అని "క"ను "గ"గా మార్చి సరళాదేశం చేసినందుకు ఒక మార్కు ఎక్కువే, సగం మంది అక్కడ "కంచె" అనే ఉంచేస్తారు. "సాలు" అని దిద్దుకుంటే నాకూ ఇష్టమే.

కల్వకుర్తి కుర్రాడు: సార్, నాదీ చూడండి. కోత మీద రాశాను.

మంచు వేళ కోయ మహిళలు వచ్చిరి
ముళ్ళ కుసుమను నెండ ముట్టు టెట్లు
చేని కన్న గట్టె చేకూర్చె సిరులను
కంచె చేను మేసె కాపు మురిసె

నిర్వాహకుడు: రెండో పాదంలో "ను" దొంగతనంగా దూరింది. వేళ్ళ మీద లెక్కపెట్టు. "కుసుమ నెండ" అంటే సరి. మొదటి పాదం మాత్రం చేను చూసినవాడి మాట. మంచు పడ్డప్పుడు ముళ్ళు మెత్తబడతాయి, అందుకే కుసుమ కోత పొద్దు పొడవకముందే మొదలుపెడతారు. ఎండెక్కితే చేతికి గోనెపట్టా చుట్టుకున్నా గుచ్చుతుంది. కానీ బాబూ, గట్టు ఎక్కువ సంపాదిస్తే మేసినట్టు ఎట్లా అవుతుంది? మేతకు లెక్క చెప్పలేదు నువ్వు.

కల్వకుర్తి కుర్రాడు: "ను" తీసేశాను సార్. మేత సంగతి రాత్రికి ఆలోచిస్తాను.

అలంపురం రైతు: రాత్రి దాకా ఎందుకు తమ్మీ, టీచరమ్మను అడుగు. ఆమెకు కుసుమ బాగా తెలుసు. ఉగాదికి ఇచ్చిన సమస్యకు ఆమె రాసిన పద్యంలో నాయిక జడలో కుసుమ తురుముకుంది గుర్తుందా? ఆ ముళ్ళ పూవు జడలో పెడితే దువ్వెన పనికిరాదు, డాక్టరు కావాలి.

దేవరకొండ టీచరమ్మ: కుసుమం అంటే సంస్కృతంలో ఏ పూవైనా సరే. ఎన్ని నెలలయింది, ఇంకా మోస్తున్నారా ఆ జడను? ఇదిగో నా పద్యం, ముళ్ళు లేకుండా:

కొసలు తుంచఁ బోవఁ గూలి దొరకలేదు
మేకపిల్ల వచ్చి మెల్లగాను
శనగ చివురుఁ జూచి చప్పున లంఘించి
కంచె, చేను మేసె, కాపు మురిసె

శనగకు నెల దాటాక కొసలు తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. మేక ఆ పని ఉచితంగా చేసి పెట్టింది.

నిర్వాహకుడు: అబ్బ! ఒక్క కామాతో కంచెను కర్త కుర్చీలోంచి దింపేశారు. నేను దీన్ని ఊహించలేదు.

అలంపురం రైతు: విరుపు బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ మెల్లగా వచ్చిన మేక చప్పున ఎట్లా దూకింది? "మెల్లగాను" యతి కోసం కట్టేసిన మేక. పైగా "శెనగ" అనే ఆమె పద్యంలో "శనగ" మొలిచింది, చూశారా?

దేవరకొండ టీచరమ్మ: "మెడను సాచి" అంటే?

అలంపురం రైతు: ఇప్పుడు మేక కనబడింది.

అమెరికా తాత: మధ్యలో వస్తున్నాను. మా మనవరాలు ఇక్కడి పెరట్లో పసుపు పూల మొక్క ఒకటి పెంచుతోంది, పేరు సెంటారియా మాక్రోసెఫాలా. కుసుమకు దగ్గరి చుట్టం, పుట్టిల్లు కాకసస్ కొండలు. మొగ్గ మీద గోధుమరంగు పొలుసులు, మీద పసుపు కుచ్చు. ముళ్ళు లేవు. పోయినేడు గింజలు తెచ్చి మహబూబ్‌నగర్‌లో కుండీలో వేశాను. మొలిచింది, ఏప్రిల్ ఎండకు మాడిపోయింది.

అలంపురం రైతు: తాతా, అది మంచు తినే మొక్క, మన ఎండ తినలేదు. పసుపు పూవే కావాలంటే కుసుమ వెయ్యి. అక్టోబరులో రేగడి తడి మీద, సాలుకు సాలుకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20. ఎకరాకు నాలుగు కిలోలు చాలు. రెండు మూడు వారాలకు ఒత్తు మొక్కలు తీసెయ్యి. ఆలస్యంగా విత్తితే పేనుబంక పురుగు కమ్ముతుంది, అది ముందు గట్టు సాళ్ళ మీదే వాలుతుంది, రోజూ ఆకు తిప్పి చూడు. పీకి మరోచోట నాటడం మాత్రం వద్దు, తల్లివేరు తెగితే లేవదు. పూవు పసుపుగా విచ్చి, వాడిపోయేటప్పుడు నారింజకు తిరుగుతుంది.

అమెరికా తాత: కాకసస్ దానికీ తల్లివేరే, కదిలిస్తే బతకదట. పైగా రెండో ఏడు గాని పూయదు. నా వయసుకు కుసుమే మేలు, నాలుగు నెలల్లో తేలిపోతుంది.

నిర్వాహకుడు: పద్యం పంపకుండా వ్యవసాయం మాట్లాడుతున్నారు. తాతగారూ, మాడిన కుండీ మీద ఒక ఆటవెలది బాకీ. ఈ వారం పట్టం టీచరమ్మకు, మెడను సాచిన మేకతో సహా.

అలంపురం రైతు: మేక నాది కదా సార్. మెడ నేను అడగకపోతే సాచేదా?

దేవరకొండ టీచరమ్మ: మీ మేక అయితే కొసలు తుంచిన కూలి పంపిస్తాను, ఫోన్‌పే నంబరు ఇవ్వండి అన్నా.