లింఫోమాకు సొంత మూలకణాల మార్పిడి: సందేహం

ప్రశ్న (హనుమకొండ):
మా తమ్ముడికి హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) కీమోథెరపీతో తగ్గినట్టే తగ్గి, ఏడాది తిరగకముందే మెడ దగ్గర మళ్ళీ గడ్డగా కనిపించింది. హైదరాబాదు వైద్యులు అతని మూలకణాలనే తీసి తిరిగి ఎక్కిస్తామంటున్నారు. జబ్బు మనిషి కణాలనే ఎక్కిస్తే లాభమేమిటని అమ్మ అడిగితే చెప్పలేకపోతున్నాను.

జవాబు 1:
ఇందులో క్యాన్సర్‌ను చంపేది మూలకణాలు కావండి, వాటికి ముందు ఇచ్చే అధిక మోతాదు కీమోథెరపీ. ఆ మోతాదుకు రక్తం తయారయ్యే ఎముక మజ్జ కూడా దెబ్బతింటుంది కనుక, దాన్ని తిరిగి నిలబెట్టే మూలకణాలను ముందుగానే ఇంజెక్షన్లతో రక్తంలోకి రప్పించి, యంత్రంతో వేరుచేసి, అతిశీతలంలో దాచి, కీమో ముగిశాక రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అయితే అంతకుముందే మందులకు గడ్డలు బాగా కరగడం ముఖ్యం. పెట్ స్కాన్ (క్యాన్సర్ ఇంకా చురుగ్గా ఉందేమో చూపే పరీక్ష) ఫలితం తప్పక అడగండి.

జవాబు 2 (కాజీపేట):
మావారికి ఇదే చికిత్స జరిగింది. కణాలు ఎక్కించిన రోజు గదంతా వెల్లుల్లి వాసన వచ్చింది. అది కణాలను కాపాడే రసాయనానిదని నర్సు చెప్పేదాకా నేను భయపడ్డాను. తరువాత నోటిపూతతో గంజి కూడా మింగలేకపోయారు. సుమారు రెండు వారాలకు తెల్లకణాలు పెరగడం మొదలైంది. డిశ్చార్జి అయిన వెంటనే వరంగల్ రాకుండా, కొన్ని వారాలు ఆసుపత్రి దగ్గరే గది తీసుకోండి. జ్వరం వస్తే గంటలు కూడా ఆలస్యం చేయకూడదు.

జవాబు 3:
దాత కణాలు వాడే పద్ధతి వేరు. అందులో ఒక్కో తోబుట్టువుకు హెచ్‌ఎల్‌ఏ (దాతకూ రోగికీ కలవాల్సిన, కణాల మీది గుర్తులు) పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. రక్తం గ్రూపు కలవకపోయినా ఫరవాలేదు.