కాలేజీలో పాలసీ రీసెర్చ్ గ్రూప్ పెట్టాం, కాస్త దారి చూపగలరా?

అందరికీ నమస్కారం. నేను నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం. అమెరికాలో రూజ్‌వెల్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ తరఫున కాలేజీ విద్యార్థులే పాలసీ పేపర్లు (ప్రభుత్వ విధానాలపై సూచనలు) రాశారని తెలిసాక, మేమూ ఒక గ్రూప్ మొదలుపెట్టాం.

మొదటి అంశం మా జిల్లాలోనే మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ సమస్య. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం నల్లా ఉన్న ఇంట్లోనే ఒకామె బోరు నీళ్లతో అన్నం వండుతోంది. "నల్లా నీళ్లు గిన్నెలు తోమనీకి బిడ్డా, తాగనీకి బోరువే మంచిగుంటయ్" అంది. ఆమె అలా ఎందుకు అనుకుంటోందో తెలుసుకోకుండా పైపులైన్ల లెక్కలు రాస్తే ఏం లాభం?

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు. ఆ బోరు నీళ్లు ఎక్కడ టెస్ట్ చేయించాలి? ప్రైవేట్ ల్యాబ్ రిపోర్టును అధికారులు లెక్కలోకి తీసుకుంటారా? సమాచార హక్కు కింద 30 రోజుల్లో జవాబు రావాలి కదా, దరఖాస్తు గ్రూప్ పేరుతో వేయొచ్చా, ఒక్కరి పేరుతోనే వేయాలా?

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఫైనల్ ఇయర్ వాళ్లది. సర్వే పని తెలిసింది వాళ్లకే, పరీక్షలు కాగానే వెళ్లిపోతారు. పాలమూరులోనో, ఇంకెక్కడైనానో ఇలాంటి గ్రూప్ నడిపినవాళ్లుంటే, జూనియర్లకు పని ఎలా అప్పజెప్పారో చెప్పండి. పూర్తయిన పేపర్ ముందు గ్రామసభలో పెట్టాలా, నేరుగా కలెక్టరేట్‌లో ఇవ్వాలా? గ్రామసభే ముందు అని నేనంటున్నా, మావాళ్లు ఒప్పుకోవట్లేదు.