పాత టూ టోన్ రోలెక్స్ డేట్‌జస్ట్, ప్లాస్టిక్ గ్లాస్ ఉంది, తీసుకోవచ్చా?

హన్మకొండ_వాచీపిచ్చి:
అన్నలూ, ఒక సలహా కావాలి. మా బావకి తెలిసిన జగిత్యాల వాళ్ల దగ్గర పాత రోలెక్స్ డేట్‌జస్ట్ ఒకటి అమ్మకానికి ఉంది. స్టీలు, బంగారం కలిసిన టూ టోన్, ఐదు వరసల జూబ్లీ చైన్, షాంపేన్ డయల్, గ్లాస్ చుట్టూ గీతల బంగారు బెజెల్ రింగు. వాళ్ల పెద్దాయన దుబాయ్‌లో పనిచేసేటప్పుడు 1985లో సేఠ్ బహుమానంగా ఇచ్చాడట. డబ్బా లేదు, కాగితాలు లేవు. గ్లాస్ మీద గోరుతో కొడితే ప్లాస్టిక్ చప్పుడు, నిండా గీతలు. ఇక్కడ రిపేర్ చేసే ఒకాయన ఫొటో చూసి, రోలెక్స్ అంటే సులువుగా గీతలు పడని గట్టి సఫైర్ గ్లాసే ఉంటుంది, ఇది డూప్లికేట్, వదిలెయ్ అన్నాడు. నాకేమో వదలబుద్ధి కావట్లేదు. వాళ్లు పాలిష్ కొట్టించి, కొత్త గ్లాస్ వేయించి మరీ ఇస్తామంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

కీ_తిప్పేవాడు (కరీంనగర్):
ఆ గ్లాస్ చూసి వదిలెయ్యకు తమ్మీ. 1985 నాటి టూ టోన్ ఆటోమేటిక్ డేట్‌జస్ట్ అంటే మామూలుగా 16013 మోడల్, దానికి కంపెనీయే ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ గ్లాస్ వేసింది. సఫైర్ 1988 ప్రాంతంలో దాని తర్వాతి మోడల్ 16233తో వచ్చింది. 1985 అని చెప్పి సఫైర్ చూపిస్తే అప్పుడు నేను అనుమానపడతా.
చైన్ విప్పించు. 12 వైపు లగ్స్ (చైన్ తగిలించే కొమ్ములు) మధ్య మోడల్ నంబర్, 6 వైపు సీరియల్ ఉంటాయి. 1987 దాకా సీరియల్ అంతా అంకెలే, ఆ తర్వాతే ముందు ఆర్ లాంటి అక్షరం పెట్టడం మొదలైంది. కాబట్టి దీంట్లో అక్షరం ఉందంటే 1985 కథ అబద్ధం, లేదా వాచీయే అబద్ధం. పక్కనుండే కీ మర తిప్పి వదులు చేసి ఒక మెట్టు లాగితే తేదీ ఒక్కటే మారాలి, రెండో మెట్టుకి సెకండ్ల ముల్లు ఆగాలి. రాత్రి 9 దాటాక మాత్రం తేదీ అలా తిప్పకు, లోపల పళ్లు దెబ్బతింటాయి. తెలిసినవాడితో వెనుక మూత తీయిస్తే లోపలి మిషన్ మీద దాని నంబర్ 3035 అని చెక్కి ఉండాలి. అసలు ఆ మూతకే గ్లాస్ ఉండి లోపలి మిషన్ కనిపిస్తుంటే ఇంకేమీ అడగకుండా నమస్తే పెట్టి వచ్చెయ్.

పసిడి_మంచిర్యాల:
మాది బంగారం షాపు కాబట్టి ఒక మాట. తులం లెక్కన రేటు కడితే ఒప్పుకోకు. బెజెల్, కీ, చైన్ మధ్య లింకులు మాత్రమే 18 క్యారెట్లు, మిగతాదంతా స్టీలే. ఆ కాలపు జూబ్లీలో మధ్య లింకులు లోపల బోలు, చూపుకి కనిపించినంత బరువు తూగవు. లింకుల పక్కలు, చొక్కా రాసుకునే చోట్లు భూతద్దంతో చూడు, పసుపు పోయి తెల్లగా కనిపిస్తే అది పూతే. వాచీని పక్కకి తిప్పి పట్టుకుంటే చైన్ ఎండిన బీరతీగలా వేలాడుతుందేమో కూడా చూడు. పిన్నులు అరిగిన చైన్ బాగు చేయించడం మస్తు ఖర్చు.

గల్ఫ్_వాపస్:
సేఠ్ బహుమానం కథ మన దిక్కు రెండిళ్లకొకటి వినిపిస్తుంది. పెద్దాయన అబద్ధం చెప్తున్నాడని నేననను, కానీ సేఠ్ ఇచ్చిందే డూప్లికేట్ అయ్యుండొచ్చు కదా! కొంటే పైసలు బ్యాంకు ద్వారానే పంపు, సీరియల్ నంబర్ వేసి ఆయన సంతకంతో రసీదు తీసుకో. రేపు నువ్వు అమ్మాలన్నా అదే కాగితం.

హన్మకొండ_వాచీపిచ్చి:
థాంక్స్ అన్నలూ, వీడియో కాల్‌లో చూశా. చైన్ తీయించారు, మోడల్ 16013, సీరియల్ అన్నీ అంకెలే. తేదీ కూడా మీరన్నట్టే మారుతోంది. డయల్ కింద టి స్విస్ టి అని ఉంది. ఇంకా లైట్ ఆపి చూపించారు, ముళ్లు చీకట్లో పచ్చగా భలే మెరుస్తున్నాయి, డయల్ చుక్కలు మాత్రం మెరవట్లేదు. ఇంత పాత వాచీ ముళ్లు ఇంకా మెరుస్తున్నాయంటే బాగా చూసుకున్నట్టే కదా?

కీ_తిప్పేవాడు (కరీంనగర్):
కాదు, ముళ్లు మార్చారు, లేదంటే వాటికి కొత్త రంగు పూశారు. ఆ టి అంటే ట్రిటియం, చీకట్లో మెరవడానికి అప్పట్లో రంగులో కలిపిన రేడియోధార్మిక పదార్థం. 12 ఏళ్లు దాటేసరికి దాని శక్తి సగమవుతుంది, 1985ది ఇప్పుడు మెరిసే ముచ్చటే లేదు. డయల్ చుక్కలు మెరవకపోవడమే మంచిది, డయల్ ముట్టుకోలేదన్నమాట. దీనివల్ల వాచీ డూప్లికేట్ అయిపోదు, సర్వీసులో ముళ్లు మార్చడం మామూలే. కాకపోతే కలెక్టర్లు దీనికి రేటు తగ్గిస్తారు, నువ్వూ తగ్గించి అడుగు. వెనుక మూత తీసి చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. పాలిష్ మాత్రం అస్సలు కొట్టనివ్వకు, ఒక్కసారి పాలిష్ మిషన్ మీద పెడితే లగ్స్ అంచులు, బెజెల్ గీతల పదును పోతాయి, మళ్లీ రావు. గ్లాస్ మీద గీతలంటావా, పాలీవాచ్ పేస్ట్ పెట్టి గుడ్డతో కాసేపు రుద్దితే చాలావరకు పోతాయి, లోతువి ఉంటే ఉండనీ.